ఒలింపిక్ క్రీడల్లో ట్రాక్ సైక్లింగ్

సైకిలు సామాన్యుని వాహనం. పల్లెలో పాలక్యాన్లు మోసేది అదే, పట్టణంలో విద్యార్థిని కళాశాలకు చేర్చేది అదే. ఆ సైకిలే వేగానికీ నైపుణ్యానికీ గీటురాయిగా నిలిచే చోటు వెలోడ్రోమ్. ఇది అండాకారంలో నిర్మించిన పందెపు బాట. నేటి ఒలింపిక్ పోటీలకు వాడే చెక్కబాట చుట్టుకొలత 250 మీటర్లు. మలుపుల వద్ద అది గోడవలె ఏటవాలుగా పైకి లేస్తుంది. అందువల్లనే పోటీదారులు వేగం తగ్గకుండా మలుపు తిరగగలుగుతారు. ఈ సైకిళ్లకు బ్రేకులుండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ఆధునిక ఒలింపిక్స్‌తోపాటే ఈ క్రీడ కూడా ఆ వేదికపై అడుగుపెట్టింది. 1896లో ఏథెన్సులో ఫ్రాన్సు క్రీడాకారుడు పాల్ మాసన్ మూడు పందేలు గెలిచాడు. 1912 స్టాక్‌హోమ్ క్రీడల్లో రహదారి పందెం మాత్రమే జరిగింది. అది మినహా ప్రతి ఒలింపిక్స్‌లోనూ ట్రాక్ సైక్లింగ్‌కు స్థానం లభించింది. అయితే ఏ పందేలు జరగాలి, ఎవరు పాల్గొనాలి అన్న విషయాలు మాత్రం మారుతూ వచ్చాయి.

మహిళలకు ఈ బాట చాలాకాలం మూసుకొనే ఉంది. ప్రపంచ పోటీల్లో 1958 నుండి వారికి అవకాశం దక్కినా, ఒలింపిక్స్‌లో ప్రవేశానికి 1988 వరకు, అంటే తొలి క్రీడల తరువాత 92 ఏళ్లు, వేచి ఉండవలసి వచ్చింది. సియోల్‌లో జరిగిన ఆ ఒకే ఒక్క పందెం, స్ప్రింట్‌లో, ఎరికా సలుమే సోవియట్ యూనియన్ తరఫున గెలిచింది. 1992లో స్వతంత్ర దేశమైన ఎస్టోనియా తరఫున అదే పతకాన్ని నిలబెట్టుకొంది.

ఒలింపిక్స్‌లో పతకాల సంఖ్యకూ, క్రీడాకారుల సంఖ్యకూ పరిమితి ఉంటుంది. కనుక కొత్త పందెం రావాలంటే తరచు పాతది తప్పుకోవాలి. 2000లో జపానులో పుట్టిన కీరిన్ పందెం ఒలింపిక్స్‌లో చేరింది. 2008లో బి.ఎం.ఎక్స్. సైక్లింగ్‌కు చోటు కల్పించడానికి కాలపరీక్ష పందేలను తొలగించారు. పురుషుల కిలోమీటరు పందెంలో 2004 విజేత బ్రిటన్‌కు చెందిన క్రిస్ హోయ్. తన పందెమే లేకుండా పోయినా అతడు నిరాశ చెందక, ఇతర పందేలలో సాధన చేసి, 2008 బీజింగ్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు.

అయితే బీజింగ్‌లో పురుషులకు ఏడు పందేలుండగా మహిళలకు మూడే ఉన్నాయి. హోయ్ మూడు స్వర్ణాలు గెలిచిన చోట, స్ప్రింట్ విజేత విక్టోరియా పెండిల్టన్‌కు టీమ్ స్ప్రింట్, కీరిన్‌లలో పోటీపడే అవకాశమే లేదు. ఈ అసమానతను తొలగించి 2012 లండన్‌లో ఇరువురికీ అయిదేసి పందేలు నిర్ణయించారు. పెండిల్టన్ అక్కడ కీరిన్ స్వర్ణం గెలిచింది. కానీ సమానత్వానికి కూడా మూల్యం చెల్లించవలసి వచ్చింది. వ్యక్తిగత పర్స్యూట్ పందెం రద్దు కావడంతో, 2008లో అందులో స్వర్ణం గెలిచిన రెబెకా రొమేరో తన పతకాన్ని నిలుపుకొనే అవకాశం కోల్పోయింది. అప్పుడే తొలగించిన మాడిసన్ పందెం, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో మహిళలకు కూడా చోటిస్తూ తిరిగి వచ్చింది. టోక్యోలోనూ, 2024 పారిస్‌లోనూ ఇరువురికీ ఆరేసి పందేలు జరిగాయి.

మన దేశమూ ఈ బాటలో అడుగులు వేస్తోంది. 2018 ప్రపంచ జూనియర్ పోటీల్లో అండమాన్ యువకుడు ఈసో ఆల్బెన్ కీరిన్‌లో రజతం సాధించాడు. 2022 ఆసియా పోటీల్లో రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం గెలిచాడు.

పందేల పట్టిక క్రీడాకారుని చేతిలో ఉండదు. ఒక నిర్ణయంతో అతని ఏళ్ల సాధనకు వేదిక లేకుండా పోవచ్చు. మరొక నిర్ణయంతో తరాల తరబడి మూసిన తలుపు తెరుచుకోవచ్చు. కనుక ఆ నిర్ణయాలు చేసేవారు ఎవరికి చోటిస్తున్నామో, ఎవరి చోటు తీసివేస్తున్నామో ఆలోచించడం అవసరం.

ప్రశ్నలు
1. వెలోడ్రోమ్ నిర్మాణాన్ని వివరించండి.
2. ఒలింపిక్ ట్రాక్ సైక్లింగ్‌లో మహిళల స్థానం ఎట్లా మారింది?
3. 2012 మార్పుల వల్ల కలిగిన లాభనష్టాలను చర్చించండి.