పిక్క పట్టేస్తే ఏం చేయాలి?

2022 నోటిఫికేషన్‌లో సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలని పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు వైపు ఇలాంటి పరుగుకు సిద్ధమయ్యే అబ్బాయి మీ ఇంట్లోనూ ఉండవచ్చు. కొందరు సైకిలు తొక్కుతారు, బావిలో ఈత కొడతారు. ఈ మూడూ కలిసిన పోటీయే ట్రయథ్లాన్. 2000 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది.

కొత్తలో పిక్క పట్టేయడం మామూలే. అలవాటు లేని కండరం అలసిపోయి బిగుసుకుంటుంది. ఒంట్లో ఉప్పు తగ్గిందని అందరూ అంటారు. ఎండలో బాగా చెమట పోస్తే అదీ తోడవుతుంది గాని అలసటే ముఖ్యం. “ఓర్చుకో, ఇంకో రౌండు” అనే నాన్నలను చూస్తే నాకు కోపం వస్తుంది.

వెంటనే కూర్చోబెట్టండి. మోకాలు చాపించి, పాదం ముందుభాగాన్ని మోకాలి వైపు మెల్లగా నెట్టి అర నిమిషం పట్టుకోండి. వదులయ్యాకే రుద్దండి. ఆ రోజుకు పరుగు చాలు. మర్నాటి నుంచి దూరం కొద్దికొద్దిగా పెంచాలి.

బావిలో పట్టేస్తే ప్రాణానికే ముప్పు. అబ్బాయిని ఒంటరిగా ఈతకు పంపవద్దు. పట్టేసినప్పుడు వెల్లకిలా తేలుతూ కేకవేయాలి, చేతులతో మెట్ల దగ్గరికి చేరాలి. గట్టున ఉన్నవారు కంగారుగా దూకకుండా తాడో, పొడవాటి కర్రో అందించాలి.

చెమట బాగా పోసిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు.

ఒక కాలే వాచి, వేడిగా ఉండి నొప్పి తగ్గకపోయినా, మూత్రం డికాషన్ రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.