యూ.పీ.ఎస్. పలుకకున్న నేమి చేయవలయును?

హైదరాబాదున 1998వ సంవత్సరమున సైబరు టవర్సు ప్రారంభమైనది మొదలు మాదాపూరు కంప్యూటర్లకు నెలవైనది. అచ్చట కరెంటు పోయినపుడు చిన్న యూ.పీ.ఎస్. కొన్ని నిమిషములు మాత్రమే యాధారము. ఆలోపల కంప్యూటరు పని ముగించుకొని క్రమముగా నాగవలయునన్న, బ్యాటరీ స్థితి యూ.ఎస్.బీ. తీగ ద్వారా దానికిఁ దెలియవలయును. తెలియనియెడల వ్రాయుచున్న దస్త్రములు చెడవచ్చును.

లినక్సు కంప్యూటర్లయందు ఈ పనికి నట్ అను ఉచిత సాఫ్టువేరు గలదు. దాని డ్రైవరు కదలనిచో, మొదట ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అను ఆజ్ఞ నిచ్చి చూడుఁడు. జాబితాలో యూ.పీ.ఎస్. కానరానిచో తీగనో పోర్టునో మార్చి చూడవలయును. డ్రైవరును నిందింపఁ బనిలేదు. కానవచ్చియు అనుమతి లేదని వచ్చినచో దోషము వేఱు. పరికరముపై నధికారము రూట్ అను సర్వాధికారిది. డ్రైవరో, సాధారణముగా నట్ అను పేరుగల సామాన్యఖాతా క్రిందఁ బనిచేయును. కొందఱు డ్రైవరునే రూటుగా నడిపి సంతోషింతురు. అది పరీక్షకుఁ దగును గాని నిత్యమునకుఁ దగదని మా యభిప్రాయము. వీధి కావలివానికి బొక్కసపుఁ దాళపుచెవు లీయము గదా! యూడెవ్ నియమమున ఆ యొక్క పరికరమును నట్ గుంపున కప్పగించి, నియమములను మరలఁ జదివించి, తీగ నూడఁదీసి తిరిగి తగిలింపవలయును. ఈ కడపటి పని మఱచువారు పెక్కురు. పిదప నట్ సేవలను మరలఁ బ్రారంభించి, యూపీఎస్‌సీ అను ఆజ్ఞతో బ్యాటరీ నూటికెంత నిండియున్నదో చదువవచ్చును.