కొడిశపాల – అంకుడు: డాక్టర్ రాక్స్‌బర్గ్ పరిశోధన నుండి ఒక పాఠం

త్రిఫలలో ఒకటైన తానికాయ, మధుమేహంలో వాడే వేగిస, పచ్చడికి తెచ్చుకొనే మామిడి అల్లం. ఈ మూడింటి లాటిన్ పేర్ల చివర 'రాక్స్‌బ్' అనే సంక్షిప్త నామం ఉంటుంది. అది డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ పేరు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు ప్రసిద్ధి. ఆయన కీర్తి అంతా కలకత్తాలోనిదని చాలామంది భావన. కాని పునాది పడినది మన సామర్లకోటలో. గురుకులంలో నిఘంటు పాఠం చెప్పుకొన్న నావంటి వైద్యుడు ఆయనను గురించి వ్రాయబూనడానికి కుటజ వృక్షం కారణం.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో జన్మించారు. 1776లో కంపెనీవారి శస్త్రవైద్యునిగా మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరారు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, నీలి, చెరకు పండించి చూశారు. 1789లో పాట్రిక్ రస్సెల్ తరువాత మద్రాసు కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞులైనారు. 1793లో కలకత్తా తోట అధిపతిగా వెళ్లారు. స్థానిక చిత్రకారులచేత మొక్కలను రంగులలో వ్రాయించడం, తెలుగు పేర్లను అడిగి నమోదు చేసుకోవడం ఆయన పద్ధతి. ఆయన వ్రాయించిన చిత్రాలు రెండువేల ఐదువందలకు పైగా ఉన్నాయి. వాటినుండి మూడువందలు ఎంచి 1795 మొదలు 1820 వరకు 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథంగా లండనులో ప్రచురించారు. ఆ కుంచె పట్టినవారి పేర్లు మాత్రం పుటలపై లేవు. ఇది నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

గొల్లలు, అడవిలో తిరిగేవారు ఓషధులను నామరూపాలతో ఎరుగుదురని చరకుడే చెప్పాడు. వారినడిగి తెలిసికొనుట వైద్యునికి చిన్నతనం కాదు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ చేసినదీ అదే. సోమిడ చెట్టు ఇందుకు ఉదాహరణ. దాని పట్ట జ్వరహరమని గ్రహించి, పెరూ దేశపు సింకోనా పట్టకు బదులుగా పనికివస్తుందేమోనని పరీక్షింపజేశారు. సింకోనాకు అది సాటి రాలేదు. అయినా మన 'సోమిడ' శబ్దం మాత్రం 'సోయ్‌మిడా' అయి లాటిన్ నామంలో నిలిచిపోయింది.

ఇక కుటజం విషయానికి వస్తాను. రక్తాతిసారానికీ, గ్రహణికీ కుటజ త్వక్కు ప్రధాన ఔషధం. కుటజారిష్టం, కుటజఘనవటి దీనితో చేసేవే. దీని గింజలే ఇంద్రయవలు. తెలుగులో దీనిని కొడిశపాల అంటారు. చిక్కు ఇక్కడే ఉంది. 'పాలకొడిశ' అనే పేరుతో అంకుడు చెట్టును చూపేవారు కూడా ఉన్నారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. రెండు చెట్లకూ పాలు కారును, రెంటికీ తెల్లని పూలు, జంటకాయలు.

ఈ అంకుడును రాక్స్‌బర్గ్ స్వయంగా పరిశోధించారు. ఆకులను వేడినీటిలో ఉంచి నీలిరంగు తీయవచ్చునని చూపి, రంగునిచ్చేదనే అర్థంలో 'టింక్టోరియా' అని పేరు పెట్టారు. దీని ఆకులు కొబ్బరినూనెలో వేసి ఎండబెట్టినప్పుడు నూనె ఊదారంగుకు తిరగడం పాఠకులు ఎరిగినదే. పొలుసులు రాలే చర్మవ్యాధులలో ఆ తైలం వాడుక తమిళ సిద్ధవైద్యంలో ప్రసిద్ధం. అంకుడు మంచి చెట్టే, కాని కుటజం స్థానంలో దానిని వాడరాదు.

పాశ్చాత్యులకూ ఈ భ్రాంతి తప్పలేదు. 'అతిసారహరం' అనే అర్థంగల 'యాంటీడిసెంటెరికా' నామాన్ని లిన్నేయస్ 1753లో సింహళంలో పెరిగే అంకుడు జాతి మొక్కకు ఇచ్చాడు. నిజమైన కుటజానికి నేడు చెల్లుబాటు అయ్యే పేరు 'హోలర్హీనా ప్యూబెసెన్స్'. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో రక్తాతిసారంతోనే మరణించాడు. చివరి దినాలలో అతనికి చికిత్స చేసినది రాక్స్‌బర్గ్. ఆ వ్యాధికి మందైన చెట్టు ఈ దేశపు అడవులలోనే ఉన్నది!

రాక్స్‌బర్గ్ 1815లో గతించారు. ఆయన 'ఫ్లోరా ఇండికా'ను శ్రీరామపురంలో విలియం కేరీ 1820 నుండి వెలువరించారు. హూకర్ బ్రిటిష్ ఇండియా వృక్షసంపుటాలు, గాంబుల్ మద్రాసు రాష్ట్ర వృక్షావళి ఆ బాటలో వచ్చినవే. నేటికీ మూలిక గుర్తింపులో సందేహం వస్తే మేము గాంబుల్‌ను తెరుస్తాము. గాంబుల్ మమ్ములను రాక్స్‌బర్గ్ వద్దకు పంపుతాడు.

మా బొల్లారంలో నా వద్దకు వచ్చే గృహిణులు అంగడిలో కొన్న 'కొడిశ పట్ట' పొట్లం తెచ్చి చూపుతుంటారు. నేను మొదట ఒక పలుకు నోట వేసుకొంటాను. కుటజం పట్ట కటిక చేదు. ఇంద్రయవలు కూడ చేదే. తీపిగా ఉన్నవి అంకుడు గింజలు. చెట్టు ఎదుట ఉన్నచో పువ్వు చూడవలెను. అంకుడు జాతి పూల నడుమ తెల్లని కుచ్చు ఉంటుంది. కుటజ పుష్పానికి ఆ కుచ్చు లేదు. కాయలు చూస్తే, కుటజానివి విడివిడిగా వ్రేలాడుతాయి. అంకుడువి లేతగా ఉన్నప్పుడు కొనలు కలిసి ఉంటాయి.

మందు మారినందువల్ల కలిగే నష్టం చిన్నది కాదు. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా, పసిపిల్లలు నీరసించినా ఇంటి కషాయాలతో కాలం గడపరాదు. ఓ.ఆర్.ఎస్. ద్రవం పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్లవలెను. గర్భిణులు కుటజాన్ని వైద్యుని అడుగక వాడరాదు.

బొల్లారం రాష్ట్రపతి నిలయంలో మూలికా తోట ఉన్నది. 2023 నుండి సంవత్సరం పొడుగునా ప్రజలు చూడవచ్చును. వెళ్లినవారు పేరుతో సరిపెట్టుకొనక ఆకు, పువ్వు, కాయ గమనించండి. నర్సరీలలో కుండీలకు అమ్మే గుబురైన తెల్లపూల మొక్కను 'యాంటీడిసెంటెరికా' అని చెప్పినచో పువ్వు నడుమ చూడండి. అక్కడ కుచ్చు కనిపించును. అది లిన్నేయస్ చెప్పిన సింహళపు మొక్క; ముంగిట అందానికి పెంచుకోవచ్చును, కషాయానికి కోయవద్దు.