సాయంత్రం ఆరు తర్వాత

బుజ్జీ,

నీ ప్రాజెక్టు కాగితాలు చేరాయి. మీ అమ్మమ్మకు కూడా చదివి వినిపిస్తే ఆవిడకు అర్థమైంది ఒక్కటే, నువ్వు రాత్రిళ్ళు సరిగా నిద్రపోవడం లేదని.

కప్పు కింద ఎండకు వేడెక్కిన గాలి ఎత్తైన గొట్టంలోంచి పైకి ఎగసి టర్బైనును తిప్పే సౌర చిమ్నీ కిటుకు బాగా పట్టుకున్నావు తల్లీ. స్పెయిన్‌లో మంజనారెస్ దగ్గర యోర్గ్ ష్లైఖ్ బృందం 1982లో నిలబెట్టిన గొట్టం దాదాపు 195 మీటర్ల ఎత్తు, దాని చుట్టూ 244 మీటర్ల వ్యాసంతో కప్పు, ఇంతా చేస్తే గరిష్ఠంగా వచ్చింది 50 కిలోవాట్లు. ఆ ఎత్తులో గొట్టం వేడిలో నూటికి ఒక వంతునైనా గాలి బలంగా మార్చలేదనీ, 1000 మీటర్లకు పెంచినా మూడు వంతులేననీ నువ్వు దాచకుండా రాసినందుకు నాకు గర్వంగా ఉంది.

కానీ కొలతలన్నీ మిట్టమధ్యాహ్నపు ఎండకే కట్టేశావేమే? చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ ఏడాదిలో ఎన్ని గంటలుంటుంది? దానికి సరిపడా టర్బైను పెడితే మిగతా కాలమంతా సగం ఖాళీగా తిరుగుతుంది. ఏడాది పొడుగునా గంటగంటకూ ఎండ లెక్క తీసుకో, సగటుతో సరిపెట్టకు. మబ్బుల్లో చెదిరిన వెలుతురు కూడా ఆ కప్పు కింద వేడవుతుంది, అద్దాలతో ఎండను ఒకచోటికి కూర్చే కేంద్రాలకు ఆ వీలు లేదు. కప్పు కింద నేల పగటి వేడిని దాచుకుని పొద్దుపోయాక వదులుతుంది, నీళ్ళు నింపిన నల్ల గొట్టాలు పరిస్తే ఇంకాస్త ఎక్కువ దాగుతుంది. మధ్యాహ్నపు ఉత్పత్తి కొంత తగ్గుతుంది, తగ్గనీ. చిన్నప్పుడు కరెంటు పోయిన సాయంత్రాల్లో పక్కింటి పిల్లాడికి కూడా వెలుతురు పడాలని లాంతరు గుమ్మంలో పెట్టుకుని, దోమలు కుడుతున్నా అక్కడే కూర్చుని చదివేదానివి, అలాంటి పిల్ల లెక్కలో సాయంత్రం ఎలా జారిపోయిందా అనుకున్నాను.

ఇంకోటి. ఆ మంజనారెస్ గొట్టం 1989లో తుఫాను గాలికి కూలింది. కొన్నాళ్ళ పరీక్షకే కదా అని దాన్ని లాగి పట్టుకునే ఉక్కు కడ్డీలకు తుప్పు పట్టకుండా రక్షణ చెయ్యలేదు. నీ ఖర్చుల పట్టికలో నిర్వహణకు ఒక్క వరుసే ఉంది, అది చాలదు. హాస్టల్ వాచ్‌మన్‌కు జ్వరమొస్తే మందులు కొనిచ్చి, మర్నాడు వెళ్ళి ఎలా ఉందని అడిగావట, మీ అమ్మ చెప్పింది. ఆ మర్నాటి పని ఈ కడ్డీలకూ కావాలి.

సాయంత్రం ఆరు తర్వాత ఎన్ని కిలోవాట్లు వస్తాయో లెక్కకట్టి ఉత్తరంలోనే రాయి, ఫోనులో చెబితే నాకు సరిగ్గా వినపడదు.

తాతయ్య