బాటపై కూలిన దుప్పి వెల యెంత?

ముదిగొండనుండి భద్రాచలమునకు బోవువారు కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోవుదురు గదా. ఆ ప్రాంతముననే 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యము గలదు. చుక్కల దుప్పులకును అడవిపందులకును అది నివాసము. అడవి నడుమ బాట పోవుచోట, రాత్రివేళ మృగము దారి దాటుటయు, వాహనము దానిని ఢీకొనుటయు సంభవించును. అట్టి నష్టమెంత? దానిని భరించువారెవరు? లెక్క వేసి చూతము.

అమెరికాలో మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ఈ లెక్క కట్టిరి. 2007 నాటి ధరలతో, వాహనము ఒక జింకను ఢీకొనినచో సగటు నష్టము 6,617 డాలర్లని తేల్చిరి. అందు వాహనపు మరమ్మతునకు 2,622, మనుష్యుల గాయములకు 2,702, మరణములకు 1,002, వాహనమును లాగుకొనిపోవుటకును విచారణకును 125, కళేబరమును తొలగించుటకు 50. మిగిలిన 116 డాలర్లే జింక వెల. నూటికి రెండైనను లేదు.

ఆ 116యు వేటగాండ్రకు గల విలువయే కాని అడవికి గల విలువ కాదు. ఆ దేశమున వేటగాండ్రు చెల్లించు రుసుములు మృగసంరక్షణకు ముఖ్యమైన ఆదాయము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కావున మన పద్దులో ఆ గడి శూన్యముగనే యుండును. లారీ యజమాని మరమ్మతును వ్రాసికొనును. బీమా కంపెనీ తన వంతు వ్రాసికొనును. దుప్పిని వ్రాసికొనువాడు లేడు.

అడుగువాడు లేనంతమాత్రమున బాకీ తీరిపోవునా? చచ్చినది ఆడుదుప్పియైనచో, అది ఈనబోవు పిల్లలును దానితోనే పోవును. దుప్పులు తఱిగినచో చిఱుతపులికి ఆహారము తఱుగును. అది పల్లెలోని మేకలపై బడవచ్చును. అప్పుడు బాకీ వసూలగును. కాని చెల్లించువాడు లారీ యజమాని గాడు, పేద మేకల కాపరి.

ఇక నివారణకగు వ్యయమును జూతము. మహారాష్ట్రలో పెంచ్ అడవిగుండ పోవు 44వ జాతీయ రహదారిపై, మృగములు క్రిందుగా దాటిపోవుటకు తొమ్మిది కట్టడములు నిర్మించిరి. ఇది మిక్కిలి ఖర్చుతో గూడిన పని. మన ఆమ్రాబాదు అడవిలో శ్రీశైలము దారిని రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు మూసియుంతురు. దీనికి ప్రయాణికుల కాలమే మూల్యము.

అన్నింటికంటె చౌకయైనది వేగము తగ్గించుట. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకండునకు 22 మీటర్లు పోవును. 40 వేగమున 11 మీటర్లే. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు నాలుగింతల దూరము కావలయును. పది కిలోమీటర్ల అడవిదారిని 80కి మాఱుగా 40 వేగమున దాటినచో ఆలస్యమగునది ఏడున్నర నిమిషములు మాత్రమే.

ఒక తట్టలో ఏడున్నర నిమిషములు. రెండవ తట్టలో బండి, మనిషి ప్రాణము, దుప్పి, కాపరి మేక. త్రాసు ఎటు మొగ్గునో మీరే తూచి చూడుడు.