ఎక్కేది కుప్పంలో, టికెట్ బెంగళూరు నుంచి

పుంగనూరుకు రైలే లేదు. మదనపల్లెకు ఉందంటే ఉంది, ఊరికి దూరంగా సీటీఎంలో, ధర్మవరం-పాకాల లైను మీద. కుప్పం ఒక్కటే బెంగళూరు-జోలార్‌పేట మెయిన్ లైనులో పడింది, అక్కడా దూరపు బండ్లన్నీ ఆగవు. కొత్త ఉద్యోగంలో చేరడానికి గౌహతికో, పరీక్ష రాయడానికి భోపాల్‌కో పోవాల్సిన మనవాళ్లకు టికెట్ కష్టం ఇక్కడే మొదలవుతుంది.

చార్జీ సంగతి తర్వాత, ముందు టికెట్ ఏ స్టేషను నుంచి తీయాలో తేల్చుకోండి. బెర్తుల్లో పెద్ద వాటా బండి బయలుదేరే చోటికే పోతుంది. దారిలోని స్టేషన్లు మిగిలిన కొద్దిపాటిని పంచుకోవాలి. అందుకే వెయిటింగ్ లిస్టు అంకె కంటే దాని పక్కన అక్షరాలు చూడటం ముఖ్యం. బండి బయలుదేరే చోటి జాబితా అయిన జీఎన్‌డబ్ల్యూఎల్ అని ఉంటే కొంత ఆశ పెట్టుకోవచ్చు. దారిలోని స్టేషన్లకు పడే పీక్యూడబ్ల్యూఎల్, ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ అని ఉంటే అంకె పదిలోపు ఉన్నా నేనైతే నమ్మను.

కుప్పంలో ఆగే బండి బెంగళూరులో బయలుదేరేదైతే టికెట్ బెంగళూరు నుంచే తీయండి. బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ స్టేషను కుప్పం అని పెట్టండి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే చార్జీ తగ్గుతుంది కాబట్టి, రెండు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఇంకో వంద కిలోమీటర్లు కలిస్తే పెద్ద భారం కాదు. ఒక్క జాగ్రత్త: బోర్డింగ్ మార్చాక మనసు మారి బెంగళూరులోనే ఎక్కితే టీసీ జరిమానా వేస్తాడు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు సీటీఎం బండికే కట్టుబడకుండా కాట్పాడి, రేణిగుంట కూడా వెతకాలి. బస్సులో మూడు నాలుగు గంటలు పోతాయి, నిజమే. రెండు రాత్రుల ప్రయాణంలో బెర్తు ఖాయమైతే ఆ గంటలు లెక్కలోకి రావు.

ఇక టికెట్ ఎప్పుడు తీయాలన్న సంగతి. అమ్మకం 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరు 1కి ముందు 120 ఉండేది. తగ్గించారని చాలామంది తిట్టుకున్నారు గానీ, నాలుగు నెలల తర్వాత సెలవు ఇస్తారో లేదో ఏ ఉద్యోగికి తెలుసు? రిజర్వేషను తెరిచేది ఉదయం 8కి. ఆ తొలి నిమిషాల్లో ఆన్‌లైన్‌లో తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలని 2025 అక్టోబరులో నియమం పెట్టారు. ఆ పని ఈరోజే చేసిపెట్టుకోండి.

తత్కాల్ ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి తెరుస్తారు, అదీ ముందురోజు. ఎవరికి ముందురోజు? బండి బయలుదేరే స్టేషనుకు. ఎక్కడో మొదలై రెండోరోజు మన ఊరికి చేరే బండికి, మన తేదీకి రెండు రోజుల ముందే తత్కాల్ అయిపోతుంది. దీనికీ 2025 జులై నుంచి ఆధార్ ఓటీపీ కావాలి. ఏజెంట్లకు మొదటి అరగంట తత్కాల్ బుకింగ్ లేదు. మరి నెట్ సెంటర్ అబ్బాయి "పదికల్లా తీసిపెడతా అన్నా" అంటే ఎవరి సొంత ఖాతాలోనో తీస్తున్నాడన్నమాట. సొంత ఖాతాలో తీసిన టికెట్లు అమ్ముకోవడం రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. పట్టుబడితే టికెట్ రద్దయి మీరు ప్లాట్‌ఫారం మీద మిగులుతారు.

వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కకూడదు. 2025 మే నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. ఆన్‌లైన్ టికెట్ అయితే చార్టు తయారయ్యాక దానంతటదే రద్దయి డబ్బు ఖాతాలో పడుతుంది. కౌంటరు టికెట్‌ను మాత్రం బండి కదలడానికి అరగంట ముందే రద్దు చేసుకోవాలి. ఆర్ఏసీ వస్తే ఎక్కొచ్చు, కూర్చునే చోటు ఖాయం.

రెండు బండ్లు మారాల్సి ఉంటే రెండు పీఎన్ఆర్‌లనూ లింక్ చేయించుకోండి, 2019 నుంచి ఆ వీలుంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగం డబ్బు కోత లేకుండా వెనక్కి ఇస్తారు. అందుకు ప్రయాణికుల పేర్లు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి, మొదటి బండి దిగే స్టేషనులోనే రెండోది ఎక్కేలా చూసుకోవాలి.