ఎక్స్‌ట్రాక్టర్ ఫ్యాన్‌లో గుడ్డలు కుక్కకండి

అక్టోబరు దాటిందంటే ఇంగ్లండ్‌లో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ల ఇళ్లలో ఒకటే ఫిర్యాదు. హీటింగ్ వేసినా బాత్రూములో అడుగు పెట్టలేకపోతున్నామని, స్టవ్ దగ్గర నిలబడితే మెడ మీద చల్లగాలి కొడుతోందని. కిటికీలు గట్టిగానే మూసి ఉంటాయి. తల పైకెత్తి చూడండి. గోడలోనో సీలింగులోనో ఎక్స్‌ట్రాక్టర్ ఫ్యాన్ ఉంటుంది. దాని వెనక సాధారణంగా నాలుగంగుళాల గొట్టం నేరుగా బయటికి పోతుంది. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఇంట్లో గాలి బయటికి వెళ్తుంది. ఆపేశాక, అడ్డు లేకపోతే బయటి ఈదురుగాలి అదే దారిన లోపలికొస్తుంది.

ఆ చలికి తట్టుకోలేక చాలామంది జాలీకి ప్లాస్టిక్ కవరు పెట్టి టేపు వేస్తారు, లేదంటే పాత టవల్ కుక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కుక్కరు ఆవిరి, మరిగే చారు, రెండు పూటలా వేడినీళ్ల స్నానాలు, రేడియేటర్ మీద ఆరేసిన బట్టలు... ఇంత తేమా ఎటు పోవాలి? చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. నెల తిరక్కుండానే బీరువా వెనక, కిటికీ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. ఇది గోడల అందానికి సంబంధించిన విషయం కాదు. 2020 డిసెంబరులో రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు ఇంట్లోని బూజు వల్ల ఊపిరి సమస్య ముదిరి చనిపోయాడు. ఆ బిడ్డ పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సోషల్ హౌసింగ్ ఇళ్లకు అమల్లో ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో ఫ్యాన్ మూసేయడం చలి కంటే పెద్ద ప్రమాదం.

కాబట్టి గాలి బయటికి పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. ముందు చలి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. గాలి బాగా వీచే రోజు ఫ్యాన్ ఆపి, అగరొత్తి వెలిగించి జాలీ దగ్గర పట్టుకోండి. పొగ మీ ముఖం మీదికి వస్తే గాలి గొట్టంలోంచే వస్తున్నట్టు. ఫ్రేము అంచున చెదిరితే గొట్టానికీ గోడకీ మధ్య సందు ఉన్నట్టు. దానికి సీలెంట్ పూస్తే చాలు. వంటింట్లో స్టవ్ పైనుండే హుడ్‌కి జిడ్డు పట్టి ఉంటుంది, నిప్పు మరీ దగ్గరికి తీసుకెళ్లకండి.

తర్వాత బయటికెళ్లి గోడకున్న జాలీని కింద నుంచి చూడండి. చాలా ఇళ్లకి అక్కడ సన్నటి ప్లాస్టిక్ రెక్కలుంటాయి. ఫ్యాన్ ఆగగానే అవి వాలిపోయి దారి మూయాలి. ఒకటి విరిగినా, దుమ్ము పట్టి సగంలో ఆగినా చలికి తలుపు తీసినట్టే. గాలివాన రాత్రి టపటపా కొట్టుకునేవీ ఇవే. అవి బాగున్నా చలి ఆగకపోతే గొట్టం లోపలే బ్యాక్‌డ్రాఫ్ట్ షట్టర్ పెట్టించాలి. స్ప్రింగు బిగించిన రెండు అర్ధచంద్రాల రెక్కలు, అంతే. ఫ్యాన్ తోస్తే తెరుచుకుంటాయి, ఆగితే మూసుకుంటాయి. స్క్రూఫిక్స్, టూల్‌స్టేషన్ దుకాణాల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. దాని మీద బాణం గుర్తుంటే అది బయటివైపు చూపాలి. స్ప్రింగు మరీ బిగువుగా ఉంటే బలహీనమైన ఫ్యాన్ దాన్ని తెరవలేదు. అందుకే బిగించాక ఫ్యాన్ వేసి లోపలి జాలీకి టిష్యూ ముక్క ఆనించండి. అతుక్కుని నిలబడితే గాలి లాగుతోందన్నమాట.

వంటింటి హుడ్ విషయంలో మన పోపుల నూనే అసలు చిక్కు. ఆ ఆవిరి లోపలి రెక్కకి పేరుకుని, అది తెరుచుకున్నచోటే అతుక్కుపోతుంది. లోహపు ఫిల్టర్ని వేడినీళ్లలో పాత్రల సబ్బు వేసి నానబెట్టి తరచూ కడగండి. రెక్క చేతికి అందితే తుడవండి. కొన్ని హుడ్‌లకి గొట్టమే ఉండదు, గాలిని వడకట్టి గదిలోకే వదులుతాయి. అక్కడ చలి వేరే దారిన వస్తోంది.

సీలింగులోని ఎక్స్‌ట్రాక్టర్ ఫ్యాన్‌లోంచి చుక్కలు పడితే పైకప్పు కారుతోందని వెంటనే కంగారుపడకండి. అటకలో గొట్టానికి ఇన్సులేషన్ లేకపోతే ఆవిరి అందులోనే నీరై వెనక్కి కారుతుంది. గొట్టానికి ఇన్సులేషన్ చుట్టించి, బయటివైపుకి కాస్త వాలు ఇప్పించాలి.

కొత్త ఫ్లాట్లలో కొన్ని ఫ్యాన్లు రోజంతా సన్నగా తిరుగుతూనే ఉంటాయి. అవి పాడైనవి కావు, అలా తిరగాల్సినవే. బాత్రూము తలుపు పైనున్న స్విచ్చి ఆపేయకండి. తలుపు కింది సందునీ మూయకండి, ఫ్యాన్ లాగడానికి గాలి అటునుంచే రావాలి. గ్యాస్ ఫైర్, బాయిలర్ కోసం గోడలో పెట్టిన గాలి రంధ్రాన్ని మాత్రం ఎంత చలేసినా ముట్టుకోవద్దు. అది మూస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణం మీదికి రావచ్చు.

అద్దె ఇల్లయితే ఫ్యాన్ విప్పడం మీ పని కాదు. విరిగిన రెక్కనీ, బూజు పట్టిన మూలనీ ఫోటో తీసి ఏజెంటుకి ఈమెయిల్ పెట్టండి. “చలిగా ఉంది” అని ఊరుకోకుండా, ఫ్యాన్ ఆపినప్పుడు గొట్టంలోంచి గాలి వెనక్కి వస్తోందని, బ్యాక్‌డ్రాఫ్ట్ షట్టర్ కావాలని స్పష్టంగా రాయండి. ఫోన్లో చెప్పినా సరే, అదే మాట ఆ రోజే ఈమెయిల్లో కూడా పెట్టండి.